ఆ హీట్ ఏమైందండీ?

రాజమహేంద్రవరం
జూన్ 18

సత్య అత్తా,

ఫోన్ చేస్తే నేనొక్కదాన్నే మాట్లాడుకోవాలి. మెసేజ్ పెడితే నువ్వు బొటనవేలు బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావు. గొంతు ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి నువ్వు ఎవరితోనూ ఏమీ చెప్పడం లేదని నాన్న బెంగపెట్టుకున్నాడు. అందుకే పోస్టాఫీసుకెళ్ళి కవర్లు కొన్నాను. గొంతు పోయింది గానీ చెయ్యి బాగానే ఉంది కదా. పాలకొల్లు హైస్కూల్లో అంతమందికి కెమిస్ట్రీ నోట్సు రాయించినదానివి, మేనకోడలికి ఒక పేజీ రాయలేవా?

ఉద్యోగంలో చేరాను. ఊరికి దూరంగా ఉన్న చిన్న స్టీల్ ప్లాంటు. ఇక్కడికి ఇనుప ఖనిజం రాదు, పాత ఇనుము వస్తుంది. రొయ్యల చెరువుల్లో ఉప్పునీళ్ళకి తినేసిన ఏరేటర్లు, బోరు పైపులు, ట్రాక్టరు రిమ్ములు, పొలాల్లో మూలపడ్డ ఆయిల్ ఇంజిన్లు. మన జిల్లాల్లో ఎవరికీ అక్కర్లేనిదంతా మా యార్డులో గుట్టలుగా ఉంటుంది. క్రేన్ దాన్ని బకెట్‌తో ఎత్తి ఫర్నేస్‌లో పోస్తుంది. మూత పడుతుంది. తాటిమొద్దుల్లాంటి మూడు నల్లటి కడ్డీలు కిందికి దిగుతాయి. కరెంటు వదులుతారు.

అత్తా, ఆ చప్పుడు చెవులతో వినేది కాదు, పక్కటెముకలకి తెలుస్తుంది. ఫర్నేస్ లోపల పిడుగులు ఆగకుండా పడుతుంటాయి. పక్కనున్న మనిషి నోరు కదలడం కనిపిస్తుంది, అంతే. కాసేపటికి సున్నం, బొగ్గుపొడి, ఆక్సిజన్ వేస్తారు. అప్పుడు కరిగిన ఇనుము మీద మడ్డిలా తేలే స్లాగ్ నురగలా పొంగి ఆ కడ్డీల కొసలని కప్పేస్తుంది. అంత చప్పుడూ ఒక్కసారిగా అణిగిపోతుంది. ఉరుముని ఎవరో దుప్పటి కప్పి పడుకోబెట్టినట్టు. మొదటిరోజు మెషీన్ పాడైందేమో అనుకుని బెదిరిపోయాను. మా షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ బుజ్జిబాబు గారు నవ్వి, నీలం అద్దం నా చేతికిచ్చి, "ఇప్పుడు చూడమ్మా" అన్నారు.

చూశాను. ఏం చూశానో రాయడానికి రెండుసార్లు కాగితం మార్చాను. రావడం లేదు. నువ్వే వచ్చి చూడాలి.

హారతి

◆

పాలకొల్లు
జూన్ 27

హారతీ,

కవరు మీద నీ కోడిగీతలు చూడగానే పోస్ట్‌మాన్ ముందే నవ్వొచ్చింది. నవ్వితే ఇప్పుడు నాకు ఈల వేసినట్టు గాలి వస్తుంది, అతను కంగారుపడ్డాడు.

ఎవరితోనూ ఏమీ చెప్పడం లేదన్నది నిజమే. చెప్పడానికి ఏముంది? పొద్దున్నే లేచి గొంతులో గొట్టం కడుక్కుంటాను. పక్కింటివాళ్ళు నాతో మాట్లాడేటప్పుడు వాళ్ళు కూడా సైగలే చేస్తారు, నాకు చెవులు కూడా పోయాయనుకుని. అందుకని గుమ్మంలోకి వెళ్ళడం మానేశాను.

నువ్వు స్లాగ్ అన్నదాన్ని మా పాఠంలో లోహమలం అంటారు. ప్రతి ఏడూ ఆ మాట రాగానే వెనక బెంచీ వాళ్ళు కిసుక్కుమనేవాళ్ళు. నేను బోర్డు మీద కొలిమి బొమ్మ వేసి, పైన ఒక గీత గీసి, "ఇది లోహమలం, తేలిక కాబట్టి పైన తేలుతుంది, తీసి పారేస్తారు" అని ముగించేదాన్ని. అది పొంగుతుందని, ఉరుముని కప్పుతుందని ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు.

తీసి పారేసేదాన్ని కావాలని పొంగించడం ఎందుకు? వివరంగా రాయి. "ఏం చూశానో రాయడం రావడం లేదు" అని తప్పించుకుంటే మార్కులు పడవు.

అత్త

◆

రాజమహేంద్రవరం
జూలై 14

అత్తా,

రాస్తున్నాను, మార్కులు వెయ్యి.

పారేసేదే, కానీ పారేసేలోపు పనంతా దాంతోనే. పాత ఇనుములో భాస్వరం ఉంటుంది. అది మిగిలిపోతే స్టీలు పెళుసుగా విరుగుతుంది. నిప్పుకి ఊరికే పోదు. దాన్ని ఆక్సిజన్ పట్టుకోవాలి, పట్టుకున్నదాన్ని సున్నం లాక్కుని స్లాగ్‌లో కట్టేసుకోవాలి. అయితే వేడి బాగా పెరిగితే ఆ కట్టు విడిపోయి భాస్వరం మళ్ళీ లోహంలోకి దిగిపోతుంది. అందుకని అంత వేడెక్కకముందే ఫర్నేస్‌ని కొద్దిగా వంచి, భాస్వరం నింపుకున్న నురగని ద్వారం మీంచి బయటికి పారనిస్తారు. ఎర్రగా, నిదానంగా, తేనె జారినట్టు జారుతుంది. కింద చీకటి గుంటలో పడి, పైన నల్లటి పొర కట్టి, ఆ పొర పగిలి మళ్ళీ లోపలి ఎరుపు కనిపిస్తుంది. అడుగున లోహం, పైన ఈ ద్రవం. రెండూ కలవవు. కానీ ఆ రెండూ తాకే చోట ఎడతెగని బేరం నడుస్తుంది. ఇది నువ్వు తీసుకో, అది నాకివ్వు అని.

ఆ బేరం ఎలా ఉందో చూడటానికి ద్వారం దగ్గర నిలబడి, పొడుగాటి కడ్డీతో శాంపిల్ తీసే ఆయన ఉదయ్‌కుమార్ గారు. వాళ్ళది అంతర్వేది దగ్గర పల్లిపాలెం. ఇంట్లో అందరూ చేపల వేటకెళ్ళేవాళ్ళే, ఈయనొక్కరే ఇటొచ్చారు. చాలా తక్కువ మాట్లాడతారు. నేను కొత్తలో ద్వారానికి ఎదురుగా నిలబడితే వచ్చి, "పక్కకండీ మేడమ్ గారూ, దానికి ఎదురెళ్ళకూడదండీ" అన్నారు. నాతో ఆయనన్న అతి పెద్ద మాట అదే.

పార్సిల్‌లో రెండు ముక్కలు పంపుతున్నాను. నల్లది ఫర్నేస్ స్లాగ్. తెల్లది తర్వాత లేడిల్‌లో వాడేది. స్టీలుని ఫర్నేస్ నుంచి లేడిల్ అనే పెద్ద గంగాళంలోకి వంచాక, కొత్త సున్నం వేసి తెల్లటి స్లాగ్ కడతారు. అది గంధకాన్ని లాగుతుంది. నువ్వు చేత్తో ముట్టుకుని చూస్తావని పంపాను.

హారతి

◆

పాలకొల్లు
జూలై 25

హారతీ,

నల్లముక్క చేరింది. బరువుగా, గాజులా, అంచున నెమలికంఠం రంగుతో ఉంది. తెల్లముక్క చేరలేదు. దాని స్థానంలో గుప్పెడు బూడిద చేరింది. మొదట కోపం వచ్చింది, పోస్టువాళ్ళు తొక్కేశారని. తర్వాత కూర్చుని ఆలోచించాను. బయట ముసురు. లోపల కలవకుండా మిగిలిన సున్నం ఉండి ఉంటుంది. తేమ తాగి ఉబ్బింది, రాయిని లోపల్నుంచే పగలగొట్టుకుంది. నా అంచనా సరైనదేనా?

చిటికెడు నీళ్ళలో కలిపి పసుపు వేశాను. పారాణిలా ఎర్రబడింది. క్షారం అని తెలిసిందేగా, అయినా ఎంత సంతోషం వేసిందో! అంతటితో ఆగలేదు. మిగిలినదాని మీద నిమ్మకాయ పిండాను. హారతీ, వంటిల్లంతా కుళ్ళిన కోడిగుడ్డు కంపు! మీ గంధకం! ఏ చెరువుగట్టు మీద తుప్పుపట్టిన ఇనుములోదో, మీ నిప్పులో సున్నం పట్టుకున్న గంధకం, పాలకొల్లులో నా వంటగట్టు మీద లేచి కూర్చుంది. పక్కింటి మెర్సీ పరిగెత్తుకొచ్చి గ్యాస్ లీకయిందా అంది. నాకు నోటితో చెప్పడం కుదరదుగా, పలక తీసి రాసి చూపించాను. పలక నిండా రాశాను. ఆ పిల్ల ముక్కు మూసుకునే చివరిదాకా చదివింది. "రేపు మా పాపని తీసుకొస్తానండీ, దానికి కూడా చూపించండి" అంది. చూపించాను. కిటికీలు తీసిపెట్టి.

ఇంకొంచెం పంపు. పొడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో కట్టు.

అత్త

◆

రాజమహేంద్రవరం
సెప్టెంబర్ 3

అత్తా,

ఉత్తరాలు ఆలస్యమయ్యాయి, పని ఎక్కువగా ఉంది. ఇక్కడ వానలు. గోదావరి ఎర్రగా ఉంది. హాస్టల్లో వంటమనిషి మారింది, సాంబారు బాగానే ఉంటోంది. నాకు ల్యాబ్‌లో డ్యూటీ వేశారు, ఏసీ గది. అందరికీ నా నమస్కారాలు. నీ ఆరోగ్యం జాగ్రత్త.

హారతి

◆

పాలకొల్లు
సెప్టెంబర్ 8

హారతీ,

ఈ ఉత్తరం నువ్వు రాయలేదు. సాంబారు గురించి రాసే పిల్లవి కావు నువ్వు. పైగా నాకు నమస్కారాలు పెట్టావు.

కాగితం మొత్తం చూశాను, ఎక్కడా ఫర్నేస్ లేదు. "ల్యాబ్‌లో వేశారు" అన్నావు. ఎవరు వేశారు? నువ్వడిగావా? మీ నాన్నకి చెప్పకపోతే మానెయ్. నాకు మాత్రం చెప్పు. నేను ఎవరికైనా చెబుతానన్న భయం ఎలాగూ లేదు కదా.

అత్త

◆

రాజమహేంద్రవరం
సెప్టెంబర్ 15

అత్తా,

నేనే అడిగాను.

ఆగస్టు చివర్లో, మధ్యాహ్నం. హీట్ సగం అయింది. హీట్ అంటే ఒక విడత స్టీలు. ఫర్నేస్ నింపడం దగ్గర్నుంచి వంచేదాకా ఒక హీట్. ఉదయ్ గారు శాంపిల్ కడ్డీ పట్టుకుని ద్వారం వైపు నడుస్తున్నారు. నేను ఆయన వెనకే ఉన్నాను, నేర్చుకుందామని. లోపల స్లాగ్ మామూలుగానే ఉంది. పలచగా, నిశ్శబ్దంగా. అప్పుడు ఏదో జారిన చప్పుడు. చిన్నదే. ఉదయ్ గారు వెనక్కి తిరిగారు. ఆయన మొహం చూశాను. కడ్డీ వదిలేసి భుజంతో నన్ను గోడ వెనక్కి నెట్టారు.

ఆ తర్వాత ద్వారంలోంచి మంట కాదు, ఫర్నేస్ లోపలున్నదే బయటికొచ్చింది. తెల్లటి వెలుగు. షెడ్డు కప్పులో ఉన్న తుప్పు మరకలు కూడా విడివిడిగా కనిపించాయి. స్లాగ్ చినుకులు చినుకులుగా రేకుల మీద పడుతున్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నాకు దెబ్బ తగల్లేదు. ఆయన కుడిచెయ్యి, మెడ కాలిపోయాయి. కోటు వేసుకుని ఉండబట్టి ప్రాణం నిలిచింది. కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

నేను ఒక్కసారి కూడా చూడ్డానికి వెళ్ళలేదు. వెళ్తే వాళ్ళావిడ నన్ను చూసి ఏమంటుందోనని కాదు. ఏమీ అనకపోతే ఎలా అని. అత్తా, ఇన్నాళ్ళూ అది అందంగా ఉందని నీకు రాస్తూ కూర్చున్నాను. దానికి మనం ఎవరో తెలీదు. ఇప్పుడు ల్యాబ్‌లో మెషీన్ కాగితం మీద అంకెలిస్తుంది, నేను సంతకం పెడతాను. అంతే చాలు.

హారతి

◆

పాలకొల్లు
అక్టోబర్ 4

హారతీ,

నీ ఉత్తరం మడిచి దిండు కింద పెట్టుకున్నాను. మర్నాడు తీసి మళ్ళీ చదివాను. "స్లాగ్ పలచగా, నిశ్శబ్దంగా ఉంది, ఏదో జారింది" అన్నావు. అక్కడ ఆగాను. పలచబడిందంటే ఇనుము ఆక్సైడ్ ఎక్కువై ఉంటుంది. జారినది, ఫర్నేస్ గోడకి అతుక్కుని కరగకుండా మిగిలిన పోత ఇనుము ముక్క కావచ్చు. నువ్వే రాశావు కదా, ఆయిల్ ఇంజిన్లు వస్తాయని. పోత ఇనుము నిండా కార్బన్. ఆక్సైడ్, కార్బన్ ఒక్కసారిగా కలిస్తే ఇనుము, కార్బన్ మోనాక్సైడ్. అంత వాయువూ ఒకేసారి పుడితే దానికి బయటికి దారి కావాలి.

ఈ సమీకరణం నా ఉద్యోగమంతా బోర్డు మీద రాశాను. సుద్దముక్కతో ఒక బాణం గుర్తు వేసి, గంట కొట్టగానే డస్టర్‌తో తుడిచేసేదాన్ని. ఆ బాణం గుర్తుకి మనిషిని ఎత్తి పడేసేంత బలం ఉందని ఇప్పుడు తెలిసింది.

తర్వాత లేచి చీర మార్చుకున్నాను. నువ్వు వెళ్ళలేదన్నావు, అందుకని నేను వెళ్ళాను. ఉదయ్‌కుమార్‌ని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశారని మీ బుజ్జిబాబు గారికి మెసేజ్ పెడితే చెప్పారు. ఆపరేషన్ తర్వాత నేను ఒంటరిగా ఊరు దాటడం ఇదే మొదటిసారి. నరసాపురం దాకా బస్సు, గోదావరిలో పంటు పడవ మీద సఖినేటిపల్లి రేవుకి దాటి, అక్కడ్నుంచి ఆటో. పంటు మీద నా మెడకున్న గుడ్డ చూసి అందరూ జరిగి చోటిచ్చారు.

ఉదయ్‌కుమార్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చెయ్యి కట్టుతో, మెడ ఒక పక్కకి తిప్పలేకుండా. భార్య పేరు బేబీ. రొయ్యలు వలుస్తోంది. నేను పలక మీద నీ పేరు, నా పేరు రాసి చూపించాను. బేబీ చదివి, చేతులు కడుక్కుని టీ పెట్టింది.

"ఆ పిల్లకేం అవలేదు కదండీ?" అని అడిగింది.

లేదని తల ఊపాను. పలక మీద థాంక్స్ లాంటిదేదో రాయబోతే బేబీ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అవన్నీ వద్దులెండి. ఈయన్ని ఇంక అక్కడికి పంపను. ఆ మాట మాత్రం వాళ్ళకి చెప్పండి. సముద్రంలో పోయినోళ్ళనైనా తీసుకొస్తాం. దాంట్లో పడితే ఏం తెస్తాం?"

టీ అయింది, లేచాను. అతను గుమ్మం దాకా వచ్చి, ఆవిడకి వినపడకుండా మెల్లిగా అడిగాడు:

"ఆ హీట్ ఏమైందండీ?"

నాకర్థం కాలేదు. పలక చాచాను, నాకు వినపడలేదనుకుని ఎడంచేత్తో వంకరటింకరగా రాశాడు. 'పారబోశారా? స్టీలు అయ్యిందా?'

మంచంలో పడుకుని ఇన్నాళ్ళూ ఆ మనిషి ఇదే ఆలోచిస్తున్నాడు హారతీ. నీకు తెలుసా?

అత్త

◆

రాజమహేంద్రవరం
అక్టోబర్ 29

అత్తా,

నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. ల్యాబ్‌లో వెతికితే ఆ హీట్ కాగితాలు ఉన్నాయి గానీ అంకెలు చూస్తే ఏం జరిగిందో అర్థం కాలేదు. బుజ్జిబాబు గారిని అడుగుదామంటే ఆయన ఎప్పుడూ ఫర్నేస్ ఫ్లోర్ మీదే. మెట్ల దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కొచ్చేశాను. మూడోసారి ఆయనే చూశారు.

"ఉదయ్ అడిగాడా?" అన్నారు. "పారబోయడమేంటమ్మా! ఆరోజు కరెంటు ఆపి, అది శాంతించేదాకా కాచుకుని కూర్చున్నాం. తర్వాతి షిఫ్ట్‌వాళ్ళు వచ్చి నిలబెట్టారు. స్లాగ్‌లోకి పోయిన ఇనుముని బొగ్గుపొడితో వెనక్కి లాగారు. సున్నం కట్టారు. లేడిల్‌లోకి వంచాక తెల్ల స్లాగ్ బ్రహ్మాండంగా కుదిరింది. అంత గోల చేసిన హీటే, ఆ నెలలో అన్నిటికంటే శుభ్రంగా వచ్చింది. ఎలాగో చెబితే తెలీదు, రా."

వెళ్ళాను. ఫర్నేస్ దగ్గరికి కాదు, లేడిల్ దగ్గరికి. నీలం అద్దం పెట్టుకున్నాను. అత్తా, లేడిల్ నిండా పాలమీగడలాంటి స్లాగ్. అడుగునుంచి ఆర్గాన్ వాయువు సన్నగా వదులుతారు. అది పైకి తేలే చోట మీగడ పక్కకి తొలగి గుండ్రంగా ఒక కన్ను తెరుచుకుంటుంది. ఆ కంట్లో లోహం కనిపిస్తుంది. తెలుపు కాదు, పసుపు కాదు. రంగు అనేది పుట్టకముందు ఉండేదేదో. అది అలల్లా మెల్లిగా ఊపిరి తీసుకుంటోంది. ఆ అంచున, తెలుపూ వెలుగూ రాసుకునే చోట, గంధకం కణం కణంగా లోహాన్ని వదిలి సున్నంలోకి పోతోంది. ఏ చెయ్యీ తగలకుండా. దానికి మనం ఎవరో తెలీదన్నాను కదా. తెలీదు. అయినా మనం సున్నం సరిగ్గా వేస్తే సరిగ్గా బదులిస్తుంది, ప్రతిసారీ. నాకు ఏడుపొచ్చింది, అద్దం వెనకాల ఎవరికీ కనపడలేదు.

ఆదివారం పల్లిపాలెం వెళ్ళాను. బేబీ గారు నన్ను కాసేపు చూసి, లోపలికి రమ్మన్నారు. ఉదయ్ గారికి అంతా చెప్పాను. ఆ స్టీలు ట్రాక్టరు యాక్సిళ్ళకి పోయిందని కూడా. "గంధకం బాగా దిగిందా అండీ?" అన్నారు. దిగిందన్నాను. కళ్ళు మూసుకుని గోడకి ఆనుకున్నారు. మొహంలో ఏదో వదిలినట్టయింది.

ల్యాబ్ వద్దని రాసిచ్చాను. భయం పోలేదు. ఉండనీ. ఇప్పుడు పాత ఇంజిన్ బ్లాకులు విడిగా పగలగొట్టించాకే బకెట్‌లో వేయిస్తున్నాం. నీ ఉత్తరంలో రాసింది బుజ్జిబాబు గారికి చదివి వినిపించాను, దర్యాప్తు చేసినవాళ్ళు కూడా అదే తేల్చారట.

జనవరిలో కుటుంబాల్ని ప్లాంటు చూడ్డానికి రానిస్తారు. నువ్వు రావాలి.

హారతి

◆

పాలకొల్లు
జనవరి 23

హారతీ,

ముందు విశేషం చెప్పేస్తాను. ఉదయ్‌కుమార్‌ని మళ్ళీ పనికి పంపడానికి బేబీ ఒప్పుకుంది. ద్వారం దగ్గరికి కాదు, కంట్రోల్ రూమ్‌కి. అతని వేళ్ళు పూర్తిగా ముడుచుకోవడం లేదు కాబట్టి మీవాళ్ళు ఇస్తామన్న పని అదే. ఎలా ఒప్పుకుందో నీకు తెలియదు, మేం ప్లాంటు చూడ్డానికి వచ్చిన రోజు నువ్వు కింద డ్యూటీలో ఉన్నావు. మేం పైన గ్యాలరీలో ఉన్నాం.

అతను రమ్మంటే బేబీ రానందట. చివరికి, "ఏ రాకాసి నిన్ను కాల్చిందో చూస్తా పద" అని బయల్దేరింది. గ్యాలరీలో కమ్మీ పట్టుకుని బిగుసుకుని నిలబడింది. సైరన్ మోగింది. నువ్వు చెయ్యి ఎత్తడం చూశాను, పసుపు హెల్మెట్ నీదే కదా. ఫర్నేస్ వంగింది.

నేను ఏం చూశానో రాయను. నువ్వు మొదటి ఉత్తరంలో రెండుసార్లు కాగితం మార్చానన్నప్పుడు మార్కులు పడవన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. చెంపల మీద వేడి తగిలింది. లోహం ధారగా దిగుతుంటే షెడ్డంతా మధ్యాహ్నం అయిపోయింది. చివర్లో స్లాగ్ దాని వెనకే వచ్చి మీద పరుచుకుని, ఆ వెలుగుని మెల్లగా మూసింది. లోహమలం! ఆ మాట పెట్టినవాళ్ళు దీన్ని చూసి ఉండరు.

బేబీ కదల్లేదు. లేడిల్ నిండి, క్రేన్ దాన్ని పట్టుకెళ్ళేదాకా చూస్తూనే ఉంది. అప్పుడు మొగుడి వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళు, గొంతులో కోపం.

"ఇన్నేళ్ళూ రోజూ దీన్ని చూసి, ఇంటికొచ్చి, అన్నం తిని పడుకున్నావా? నాకొక్క మాట చెప్పలేదేం?"

అతను తెల్లబోయాడు. "ఏమని చెప్పనే?"

"ఏదో ఒకటి చెప్పాలిగా!"

అతను దూరంగా వెళ్తున్న లేడిల్‌ని చూపించి, "అదిగో, పైన తేలేది స్లాగ్. అది లేకపోతే..." అని మొదలుపెట్టాడు. ఇంక ఆపలేదు. భోజనాల దగ్గర చెప్పాడు. బస్సులో చెప్పాడు. రావులపాలెం దాటాక గాని భాస్వరం అవలేదు. నేను ముందు సీట్లో కూర్చుని వింటున్నాను. ఒకచోట సున్నం సంగతి కాస్త తప్పు చెప్పాడు, పలక తీయబోయి మళ్ళీ సంచిలో పెట్టేశాను.

పాలకొల్లులో దిగాను. వాళ్ళు నరసాపురం దాకా వెళ్ళాలి. బస్సు కదులుతుంటే కిటికీలోంచి చూశాను. అతని కాలిన చెయ్యి గాల్లో ఫర్నేస్‌లా మెల్లగా వంగుతోంది. బేబీ తన రెండు అరచేతులూ దాని కింద లేడిల్‌లా పట్టి ఉంచింది.

అత్త